స్పీడ్ ట్రైనింగ్ కిట్ రివ్యూ: స్లెడ్ కొనండి, మిగతావి వదిలేయండి

ఆన్‌లైన్‌లో 'స్పీడ్ ట్రైనింగ్ కిట్' పేరుతో అమ్మే సెట్ ఒకటి ఈ సీజన్ మొదట్లో మా గ్రౌండ్‌కి తెప్పించాం. ఐదు వేల లోపే అయింది. అందులో ఇనుప స్లెడ్ (బరువు పెట్టి వెనక ఈడ్చుకుంటూ పరిగెత్తే పలక), భుజాలకు వేసుకునే పట్టీలు, నడుము బెల్టు, నైలాన్ తాడు, పరిగెత్తేటప్పుడు వెనక తెరుచుకుని గాలికి అడ్డు పడే చిన్న పారాచూట్, నేల మీద పరిచే గళ్ల నిచ్చెన లాంటి అజిలిటీ లాడర్, మినీ హర్డిల్స్, సాగే రబ్బరు ట్యూబు ఒకటి ఉన్నాయి. ముందే తేల్చి చెప్తున్నా, పరుగులో మొదటి ముప్పై మీటర్లు బాగుపడటం కోసమైతే వీటిలో డబ్బు పెట్టదగ్గది స్లెడ్ ఒక్కటే. అది విడిగా దొరికితే విడిగానే కొనుక్కోండి, దొరక్కపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోండి, ఆ సంగతి కిందికి వెళ్లాక చెప్తా. ఇంచుమించు ఇదే సరుకు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు రకాలు. స్కూల్ గేమ్స్‌కి, జిల్లా మీట్‌లకి వెళ్లే పిల్లలు కొందరు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు చాలామంది. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఫిజికల్ టెస్ట్‌లో 100 మీటర్లకి మగవాళ్లకి 15 సెకన్లు, ఆడవాళ్లకి 18 సెకన్లు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ, ఇన్నేళ్లు కోచింగ్ సెంటర్‌లో కూర్చుని చదివి, అదే టెస్ట్‌లో ఉండే 1600 మీటర్ల కోసం రోజూ ఒకే స్పీడులో రౌండ్లు కొట్టిన కుర్రాడికి ఒక్కసారిగా దూకి బయల్దేరమంటే కాళ్లు రావు. నిటారుగా నిలబడి, చిన్నచిన్న అడుగులు టకటకా వేస్తూ, 20 మీటర్ల దగ్గరికి వచ్చేసరికే పక్కవాడికంటే రెండు మూడు మీటర్లు వెనకబడిపోతాడు. ఆ తర్వాత ఎంత పళ్లు బిగబట్టి పరిగెత్తినా ఆ మీటర్లు తిరిగి రావు.

మొదటి 20 మీటర్లు ఎంత ఖరీదైనవో తెలియాలంటే 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లని 9.58 సెకన్లలో పరిగెత్తిన పరుగు చూడండి. మొదటి 20 మీటర్లకి అతనికి 2.89 సెకన్లు పట్టింది, అదే 60 నుంచి 80 మీటర్ల మధ్య 20 మీటర్లకి 1.61 సెకన్లు చాలాయి. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తిన మనిషికే స్టార్ట్ దగ్గర అంత సమయం పోతే మన కుర్రాళ్ల సంగతి చెప్పేదేముంది! అక్కడ శరీరం ఆగి ఉంది, దాన్ని కదిలించాలి, కదిలించడానికి ఉన్న ఒకే ఒక్క దారి నేలని వెనక్కి నెట్టడం. నేలని ఎంత గట్టిగా తన్నాం అన్నది ఒక లెక్క, ఆ తన్నులో ఎంత భాగం వెనక్కి పోయింది, ఎంత భాగం నిలువుగా కిందికి పోయింది అన్నది ఇంకో లెక్క. ఈ రెండోదాని మీద ఫ్రాన్స్ పరిశోధకులు జాన్ బెన్వా మోరాన్, పియేర్ సమొజినో చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. వాళ్లు చెప్పేది సూటిగా చెప్పాలంటే, ఇద్దరు మనుషులు ఒకే బలంతో తన్నినా, ఎవరి తన్ను ఎక్కువగా వెనక్కి పోతుందో వాళ్లే ముందు ఉంటారు. మంచి స్ప్రింటర్లకి కూడా మొదటి అడుగుల్లో ఆ వెనక్కి పోయే భాగం మొత్తంలో సగం దాటడం కష్టం. వేగం పెరిగేకొద్దీ అది తగ్గుతూనే పోతుంది. ఎందుకంటే ఒంటి బరువుని కింద పడకుండా నిలబెట్టడానికి కొంత బలం ఎప్పుడూ నిలువుగా పెట్టక తప్పదు, పైగా పాదం నేల మీద ఉండే సమయం కూడా తగ్గిపోతుంది. స్టార్ట్ తర్వాతి తొలి అడుగుల్లో పాదం నేల మీద దాదాపు 0.2 సెకను ఉంటే, పూర్తి వేగంలో మేటి స్ప్రింటర్లకి అది 0.1 సెకనుకి, ఇంకా లోపుకి వచ్చేస్తుంది.

స్లెడ్ ఎందుకు పనికొస్తుందో ఇక్కడే ఉంది. ఇది పెద్ద యంత్రమేమీ కాదు, ఇనుప పలక, దాని మీద బరువు ప్లేట్లు దూర్చే గొట్టం, ముందు ఒక కొక్కెం, అంతే. నడుముకి కట్టుకుని లాగుతున్నప్పుడు వేగం పెరగనివ్వదు. మామూలు పరుగులో మొదటి రెండు మూడు అడుగులకే దొరికే ఆ నెమ్మది వేగం, ఎక్కువసేపు నేల మీద ఉండే పాదం, ముందుకి వాలిన ఒళ్లు, ఇవన్నీ స్లెడ్ కట్టుకుంటే పది పదిహేను అడుగుల దాకా దొరుకుతాయి. కుర్రాడికి నేలని వెనక్కి నెట్టడం అంటే ఏమిటో ఒంటికి తెలిసేంత సమయం ఉంటుంది. నిటారుగా నిలబడి లాగితే స్లెడ్ కదలదు, కదలాలంటే వాలాల్సిందే. అడుగు తన ఒంటికంటే ముందు వేస్తే అక్కడే ఆగిపోతాడు, కాబట్టి తుంటి కిందే, కుదిరితే ఇంకాస్త వెనకే వేయాల్సి వస్తుంది. నేను నోటితో చెప్పే పది మాటలు అది చెప్పేస్తుంది. మా దగ్గర ఒక అబ్బాయి మొదటి రోజే, "సార్, పిక్కలు కాదు సార్, పిరుదులు పట్టేశాయి" అన్నాడు. అదే కావాల్సింది. మొదటి అడుగుల్లో తుంటిని వెనక్కి చాచే కండలు, అంటే పిరుదులు, తొడ వెనక భాగం పని చేయాలి. చీలమండ గట్టిగా నిలబడి ఆ బలాన్ని నేలకి చేర్చాలి, మధ్యలో మడమ కిందికి దిగజారితే ఆ బలం అక్కడే పోతుంది.

ఇక ఎంత బరువు పెట్టాలి? దీని మీద గొడవ చాలా ఉంది. చాలా కాలం కోచ్‌లు చెప్పిన మాట ఒంటి బరువులో 10 శాతానికి మించొద్దని, లేకపోతే పరుగు తీరు చెడిపోతుందని. 2017లో మోరాన్ బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ఒంటి బరువులో 80 శాతం పెట్టి చూసింది, ముందుకి నెట్టే బలం పెరిగిందని చెప్పింది. అదే ఏడాది మ్యాట్ క్రాస్, మోరాన్ తదితరులు ఇంకో పరిశోధనలో, స్లెడ్ లాగేటప్పుడు ఎక్కువ పవర్ వచ్చేది ఇంచుమించు ఆ బరువు దగ్గరేనని, అక్కడ మనిషి తన పూర్తి వేగంలో సగం దగ్గర ఉంటాడని చూపించారు. అంటే బరువైన స్లెడ్, తేలికైన స్లెడ్ రెండూ వేర్వేరు పనులకి. మొదటి నాలుగైదు అడుగులకి బరువైనది, 20 మీటర్ల తర్వాత వేగం పెంచుకోవడానికి తేలికైనది లేదా అసలు ఏమీ లేకుండా పరిగెత్తడం. పరుగు తీరు చెడిపోతుందన్న భయం బరువైన స్లెడ్‌ని 50 మీటర్లు లాగించేవాళ్లకి నిజమే. 15 మీటర్లు లాగించేవాళ్లకి ఆ భయం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఈ కిట్‌తో వచ్చిన కాగితం దగ్గరే నాకు కోపం వచ్చింది. ఒంటి బరువు ఇంతుంటే ఇన్ని కిలోలు పెట్టండి అని ఒక పట్టిక ఇచ్చారు, దాని కింద 100 మీటర్లు లాగండి అని రాశారు. ఏ నేల మీద? సిమెంటు మీదా, గడ్డి మీదా, ట్రాక్ మీదా? ఒక్క మాట లేదు. స్లెడ్ మీద 40 కిలోలు పెట్టామంటే మనిషి లాగేది 40 కిలోలు కాదు, స్లెడ్‌కీ నేలకీ మధ్య రాపిడిని. రాపిడి గుణకం, అంటే పెట్టిన బరువులో ఎంత వంతు లాగాల్సి వస్తుందో చెప్పే అంకె, 0.4 ఉన్న నేల మీద లాగుడు 16 కిలోలు, 0.6 ఉంటే 24 కిలోలు. అదే స్లెడ్, అవే ప్లేట్లు, లాగుడు ఒకటిన్నర రెట్లు. మాది నల్లరేగడి గ్రౌండ్, ఎండాకాలం రాయిలా గట్టిపడి పగుళ్లిస్తుంది, వాన పడితే జిగురు. తడి ఆరకముందే స్లెడ్ వేస్తే అంచు మట్టిలో దిగబడి నాగలిలా దున్నుకుంటూ పోతుంది, అప్పుడు 15 కిలోలు కూడా లాగలేరు. తెల్లవారుజామున మంచు పడ్డ గడ్డి మీదైతే అదే బరువు జర్రున జారిపోతుంది. అందుకే ఎవరైనా నేను ఇన్ని కిలోలు లాగుతున్నా అని చెప్తే అది నాకు పెద్దగా ఏమీ చెప్పదు.

దీనికి మేం పెట్టుకున్న పద్ధతి చెప్తా. సూట్‌కేసులు తూచే చిన్న కాటా ఉంటుంది, కొక్కెంతో, నాలుగైదు వందలకి దొరుకుతుంది. దాన్ని తాడుకీ స్లెడ్‌కీ మధ్య తగిలించి, ఒకడు నెమ్మదిగా ఒకే తీరున నడుస్తూ లాగితే లాగుడు ఎన్ని కిలోలో అక్కడే కనిపిస్తుంది. స్లెడ్ కదలడం మొదలయ్యే క్షణంలో అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని వదిలేయండి, కదులుతున్నప్పుడు చూపించేదే లెక్క. పరిశోధకుల ఆ 80 శాతం బరువుని ట్రాక్ మీద రాపిడి 0.4 అనుకుని లెక్కేస్తే లాగుడు ఒంటి బరువులో ఇంచుమించు మూడో వంతు వస్తుంది. 60 కిలోల కుర్రాడికి 19 కిలోల దగ్గర. బరువైన పరుగులకి నేను అదే పై హద్దుగా పెట్టుకుంటా, కొత్తవాళ్లకి అందులో సగంతో మొదలుపెడతా. నేల మారినా, వాన పడినా, ఆ రోజు ఒకసారి లాగి చూసి ప్లేట్లు తీయడమో వేయడమో చేస్తాం. ఈ కాటా ఆ కిట్‌లో పెట్టి పారాచూట్ తీసేసి ఉంటే ఎంతో బాగుండేది.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఫోన్ ఉంది. చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటుంది. పరుగు గీతకి పక్కగా, బాగా దూరంగా స్టాండు మీద ఫోన్ పెట్టి, 5 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, మనిషి తుంటి మొదటి కర్ర దాటిన ఫ్రేము నుంచి రెండో కర్ర దాటిన ఫ్రేము వరకు లెక్కపెట్టాలి. సెకనుకి 8 మీటర్ల వేగంతో పోయేవాడికి ఆ 5 మీటర్లకి 150 ఫ్రేములు పడతాయి. బరువైన స్లెడ్‌తో వేగం సగం కావాలంటే 300 ఫ్రేముల దగ్గర రావాలి. 400 వస్తే బరువు ఎక్కువైనట్టు, తీసేయండి. తేలికైన స్లెడ్ పరుగుకైతే 165 దగ్గర చాలు. స్పెయిన్ పరిశోధకులు తయారుచేసిన మై స్ప్రింట్ అనే యాప్ ఇదే పద్ధతిలో 30 మీటర్ల పరుగుని వీడియోలో చూసి బలం, వేగం లెక్కలు ఇస్తుంది. అది లేకపోయినా చేత్తో లెక్కపెడితే సరిపోతుంది, కాస్త ఓపిక కావాలి. స్టాప్‌వాచ్‌తో మాత్రం ఇలాంటివి తేల్చుకోవద్దు, వేలు నొక్కడంలో పోయే సమయమే మనం వెతికే తేడా కంటే ఎక్కువ ఉంటుంది.

పట్టీల విషయం. కిట్‌లో భుజాలకు వేసుకునేదీ, నడుముకి కట్టుకునేదీ రెండూ ఇచ్చారు, ఇది మంచి పని. భుజాల పట్టీ తాడు వీపు మీద నుంచి పోతుంది, అంటే లాగుడు పైభాగాన్ని వెనక్కి లేపుతుంది. దానికి ఎదురు నిలవడానికి నడుం దగ్గర వంగిపోయేవాళ్లు ఎక్కువ. మనకి కావాల్సింది చీలమండ నుంచి తల దాకా ఒకే గీతలో వాలడం, నడుం దగ్గర విరిగినట్టు వంగడం కాదు. నడుము బెల్టు లాగుడు ఒంటి బరువు కేంద్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి అదే తేలిక. మా దగ్గర అందరూ బెల్టే వాడుతున్నారు. తాడు పొడవు కూడా చూసుకోండి. వచ్చింది రెండు మీటర్లే, అది చాలదు. తాడు పొట్టిగా ఉంటే లాగుడు ఏటవాలుగా పైకి పోయి స్లెడ్ ముందు భాగం లేచి ఎగురుతుంది, అడుగు అడుగుకీ తాడు వదులై మళ్లీ బిగుసుకుంటూ నడుముకి కుదుపు కొడుతుంది. మూడు, మూడున్నర మీటర్ల తాడు వేసి, నైలాన్ తీసేసి, సాగని పాలిస్టర్ పట్టీ పెట్టాక కుదుపు బాగా తగ్గింది. స్టార్ట్‌కి ముందు తాడులో వదులు లేకుండా ఒకడుగు ముందుకి జరిగి నిలబడాలి, లేకపోతే మొదటి అడుగు మొత్తం ఆ కుదుపుకే పోతుంది.

వాడకం సంగతి తక్కువలో చెప్తా. బరువైన స్లెడ్ 10 నుంచి 15 మీటర్లు, అంతకి మించి వద్దు. ఒక్కో పరుగుకి మధ్య పది మీటర్లకి నిమిషం చొప్పున విశ్రాంతి, బరువు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. కుర్రాళ్లకి ఇదే కష్టం, ఊపిరి ఆడకపోతే గానీ పని జరిగినట్టు అనిపించదు వాళ్లకి, రెండు నిమిషాలు కూర్చోమంటే టైం వేస్టు అనుకుంటారు. కానీ ఇది స్పీడు పని, అలసిపోయి లాగితే నేర్చుకునేది అలసిపోయిన అడుగులే. స్లెడ్ పరుగులు కొన్ని అయ్యాక స్లెడ్ విప్పేసి, అదే వాలుతో 20 మీటర్ల ఖాళీ పరుగు తప్పకుండా పెట్టాలి. వారానికి రెండుసార్లు చాలు. 1600 మీటర్ల గట్టి పరుగు ఉన్న రోజు దీన్ని కలపొద్దు. చెప్పులు లేకుండా పరిగెత్తే పిల్లలకి బరువైన స్లెడ్ వేయొద్దు, కాలి వేళ్ల మీద పడే ఒత్తిడికి గరుకు నేల మీద చర్మం లేచిపోతుంది. అరిగిపోయిన కాన్వాస్ బూట్లు కూడా జారతాయి. పిక్క, మడమ వెనక నరం పట్టేసినవాళ్లు తగ్గేదాకా ఆగాలి, స్లెడ్ భారం ముందు పడేది అక్కడే.

మిగతా సామాను గురించి కూడా చెప్పాలి కదా. పారాచూట్ చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు దానికోసం పోటీ పడతారు, కానీ గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. సెకనుకి 4 మీటర్ల వేగంలో ఉండే అడ్డు 8 మీటర్ల వేగంలో ఉండేదాంట్లో నాలుగో వంతే. మనకి అడ్డు కావాల్సింది స్టార్ట్ దగ్గర, అది అప్పటికి నేల మీద ఈడ్చుకుంటూ ఉంటుంది, సరిగ్గా తెరుచుకోదు కూడా. తెరుచుకున్నాక గాలి పక్కనుంచి వస్తే మనిషిని అటూ ఇటూ లాగుతుంది. రబ్బరు ట్యూబుకీ ఇలాంటి చిక్కే, సాగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, మొదటి అడుగుకి ఏమీ ఉండదు, ఐదో అడుగుకి వెనక్కి గుంజుతుంది. వెనక పట్టుకున్నవాడు సరిగ్గా అదే దూరంలో నడుస్తూ వస్తే కొంత వాడుకోవచ్చు, అంత నేర్పుగా నడిచేవాడు ఎప్పుడూ దొరకడు.

లాడర్ విషయంలో చాలామందికి నా మాట నచ్చదు. కోచింగ్ సెంటర్ల వీడియోల్లో ముందు కనిపించేది అదే, గళ్లలో కాళ్లు టకటకలాడుతుంటే స్పీడు పెరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ గడి దాదాపు 40 సెంటీమీటర్లు. స్ప్రింటర్ మొదటి అడుగే మీటరు దాకా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో అడుగూ పెరుగుతూ పోవాలి. బెర్లిన్‌లో బోల్ట్ 100 మీటర్లకి వేసినవి 41 అడుగులు, సగటున ఒక్కోటి దాదాపు రెండు మీటర్ల నలభై. లాడర్‌లో నేలని వెనక్కి నెట్టడం అసలు లేదు, పాదం ఒంటి కిందే పైకీ కిందికీ ఆడుతుంది. వార్మప్‌కి పెట్టుకోండి, కబడ్డీ, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లకి ఇంకో రకంగా ఉపయోగం ఉండొచ్చు. 2000లో పీటర్ వేయాండ్ బృందం పూర్తి వేగం మీద చేసిన పరిశోధనలో కూడా, వేగంగా పరిగెత్తేవాళ్లు నెమ్మదివాళ్లకంటే కాలుని గాల్లో త్వరగా తిప్పడం వల్ల కాదు, నేల మీద ఎక్కువ బలం పెట్టడం వల్లే ముందుంటున్నారని తేలింది. మినీ హర్డిల్స్ చెడ్డవి కావు, అడుగుల మధ్య దూరం క్రమంగా పెరిగేలా పెడితే పనికొస్తాయి, కానీ వాటి బదులు ఇటుక ముక్కలో సున్నం గీతలో చాలు.

హర్డిల్స్ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి పరిగెత్తే 100 మీటర్ల హర్డిల్స్‌లో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గరే ఉంటుంది, మామూలుగా ఎనిమిది అడుగుల్లో అక్కడికి చేరాలి. ఆమె 13 సెకన్లలోపు పరిగెత్తిన మొదటి భారత మహిళ. స్టార్ట్ వీడియోలు దొరికితే స్లో చేసి మీ పిల్లలకి చూపించండి, ఆ ఎనిమిది అడుగుల్లో ఒళ్లు ఎలా లేస్తుందో, కాలు ఎక్కడ పడుతుందో చూస్తే నా ఈ రాతలకంటే బాగా అర్థమవుతుంది.

ఒళ్లు లేవడం అన్నాను, దాని మీద కూడా గ్రౌండుల్లో తప్పుడు మాట ఒకటి తిరుగుతోంది: 30 మీటర్ల దాకా తల దించుకునే పరిగెత్తాలి అని. కుర్రాళ్లు గడ్డం ఛాతీకి ఆనించి, నడుం వంచి, ముప్పై మీటర్లు అలాగే పోయి ఒక్కసారిగా లేస్తారు. జపాన్ పరిశోధకుడు ర్యూ నగహారా బృందం 2014లో స్ప్రింటర్ల అడుగులు ఒక్కోటీ కొలిచి, వేగం పెరిగే తీరు నాలుగో అడుగు దగ్గర ఒకసారి, పద్నాలుగో అడుగు దగ్గర ఇంకోసారి మారుతుందని చెప్పింది. అంటే వాలు అడుగు అడుగుకీ కొంచెం కొంచెంగా తగ్గాలి. ఎక్కువ వేగంలో ఉన్నవాడు ఇంకా వాలే ఉండాలని చూస్తే పాదం ఒంటికి చాలా ముందు పడి బ్రేకు వేసినట్టు అవుతుంది. స్లెడ్ ఇక్కడ ఒక హాని చేయగలదు, అస్తమానూ బరువైన స్లెడ్డే లాగితే వాలిపోయి ఉండటమే అలవాటవుతుంది, లేవడం నేర్చుకోరు. అందుకే ఖాళీ పరుగు తప్పనిసరి అన్నది.

డబ్బు లేకుండా చేసుకునే డ్రిల్స్ గురించి అడిగేవాళ్లు ఉంటారు. గోడకి చేతులానించి వాలి, ఒక మోకాలు పైకెత్తి నిలబడే వాల్ డ్రిల్ తీరు నేర్పడానికి మంచిది, మోకాలి కింది ఎముక ముందుకి వాలడం, చీలమండ గట్టిగా పట్టుకోవడం అక్కడ నేర్చుకోవచ్చు. అందులో ముందుకి కదలడం లేదు కాబట్టి బలం అంతగా రాదు. నిలబడి మెల్లగా ముందుకి వాలుతూ, ఇక పడిపోతాం అనుకున్నప్పుడు బయల్దేరే ఫాలింగ్ స్టార్ట్ నాకు అన్నిటికంటే ఇష్టం, కానిస్టేబుల్ టెస్ట్‌కి నిలబడి స్టార్ట్ తీసుకునేవాళ్లకి ఇది ఇంకా దగ్గర. ఊళ్లో గుట్ట ఉంటే, మరీ నిటారుగా లేని దారి చూసుకుని ఎగువకి 15 మీటర్లు పరిగెత్తితే స్లెడ్ చేసే పనిలో చాలా భాగం అదే చేస్తుంది, రాపిడి లెక్కల బాధ కూడా లేదు. మోకాళ్లు ఎత్తుతూ గెంతుతూ పోయే ఎ స్కిప్, బి స్కిప్ అందరూ చేయిస్తారు. పోలండ్ కోచ్ గెరార్డ్ మాక్ పెట్టిన డ్రిల్స్ అవి, పరుగులో వాడే కండలకి పరుగు లాంటి స్థితిలోనే బలం ఇవ్వడం కోసం. వాటిలో పాదం ఒంటి కింద నిలువుగా పడుతుంది, అందుకే అవి పూర్తి వేగపు పరుగుకి దగ్గర, స్టార్ట్‌కి దూరం. చేయించండి, కానీ అవి బాగా చేస్తే స్టార్ట్ బాగుపడుతుందని ఎదురుచూడకండి.

ఇక సరుకు నాణ్యత. పలక మందం పర్వాలేదు, అంచులు పైకి వంచి ఉన్నాయి, బాగుంది. కొక్కెం వెల్డింగు మాత్రం సీజన్ సగంలో ఊడింది, అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. బజార్లో వెల్డింగ్ షాపులో వంద రూపాయలకి అంతకంటే గట్టిగా వేయించాం. మీరు కొన్నా, మొదటి రోజే దాన్ని ఒకసారి వెల్డర్‌కి చూపించండి. ప్లేట్లు పెట్టే గొట్టం రెండంగుళాలది, మన జిమ్‌లలో దొరికే చిన్న రంధ్రం ప్లేట్లు దానికి ఎక్కవు, పెద్ద రంధ్రం ప్లేట్లు ఖరీదు. మేం ఇసుక మూటలు కట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూచి, ఐదు కిలోలవి, పది కిలోలవి చేసుకుని తాడుతో బిగిస్తున్నాం. బెల్టుకి ఉన్న వెల్క్రో దుమ్ముకి పట్టు వదిలేసింది, మోచీ దగ్గర బకిల్ కుట్టించాం. భుజాల పట్టీల కుట్టు గట్టిదే.

సింథటిక్ ట్రాక్ మీద వాడాలనుకునేవాళ్లు ముందు స్టేడియం వాళ్లని అడగండి, ఇనుప పలక రబ్బరుని గీస్తుంది, చాలాచోట్ల ఒప్పుకోరు. పాత టైరు లాగడం సంగతి చాలామంది అడిగారు. పొడి మట్టి మీద టైరు పనికొస్తుంది, కాకపోతే ఎగురుతుంది, పక్కకి తిరుగుతుంది. లోపల చెక్క పలక బిగించి, దాని మీద ఇసుక మూట పెట్టి, తాడు పొడుగ్గా వేసుకుంటే చాలా వరకు కుదురుతుంది. కాటాతో లాగుడు చూసుకోవడం మాత్రం దానికీ తప్పదు.

వెల్డింగ్ షాపులో చేయించాలంటే కొలతలు: రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలక, ముందు అంచు బాగా పైకి వంచాలి, కొక్కెం పలకకి దగ్గరగా కిందే ఉండాలి, మధ్యలో గొట్టం మీ జిమ్ ప్లేట్ రంధ్రం కొలిచి పెట్టించుకోండి. ఇనుము ధరని బట్టి కిట్ మొత్తం ధరలో సగానికి లోపే అవుతుంది. మిగిలిన డబ్బుతో మంచి నడుము బెల్టు, ఆ సూట్‌కేసు కాటా, ఫోన్ పెట్టడానికి ఒక స్టాండు కొనండి.